ఆ నోట్‌బుక్ ఎవరిది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ర్యాప్ గురించే ఉన్నాయి. మూడూ ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి కాబట్టి ఒకచోటే జవాబిస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, నాకు డ్రేక్ అంటే ప్రాణం. ఆయన పాటలు వేరేవాళ్లు రాసిపెడతారని మా రూమ్మేట్ రోజూ ఏడిపిస్తాడు. సొంతంగా రాసుకోనివాడు అసలు ర్యాపరే కాదంటాడు. ఇంతకీ ఈ ర్యాపర్ల మాటలు రాసేది ఎవరు?
– ఇంజినీరింగ్ విద్యార్థి

జవాబు: మీ రూమ్మేట్ చెబుతున్నది 2015 జులై నాటి గొడవ. డ్రేక్ తన ర్యాప్‌లు తాను రాసుకోడని మీక్ మిల్ అనే ర్యాపర్ ట్విటర్‌లో బాహాటంగా రాసేశాడు. ఆ వెంటనే న్యూయార్క్‌లోని హాట్ 97 రేడియోలో ఫంక్‌మాస్టర్ ఫ్లెక్స్ అనే డీజే ఒక ట్రాక్ వినిపించాడు. పాట డ్రేక్‌దే, గొంతు మాత్రం క్వెంటిన్ మిల్లర్ అనే ఇంకో ర్యాపర్‌ది. స్టూడియోవాళ్లు దీన్ని రెఫరెన్స్ ట్రాక్ అంటారు. రాసినవాడు ముందు తన గొంతుతో పాడి ఇస్తాడు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఏ మాట సాగదీయాలో, దేన్ని మింగేయాలో అన్నీ అందులో ఉంటాయి. పాడేవాడు అది విని తన గొంతులోకి తెచ్చుకుంటాడు. డ్రేక్ కొద్ది రోజుల తేడాలోనే రెండు జవాబు పాటలు వదిలాడు, రెండోది గ్రామీ నామినేషన్ దాకా వెళ్లింది.

అయితే మిల్లర్ పేరు ఆ ఏడాది వచ్చిన డ్రేక్ మిక్స్‌టేప్ క్రెడిట్స్‌లో ఉంది. పేరు ఉన్నాక అతన్ని సహరచయిత అనాలి. పేరు లేనివాణ్ణే ఘోస్ట్ రైటర్ అంటారు. మీ రూమ్మేట్ ఈ రెంటినీ కలిపేస్తున్నాడు.

పేరు లేకుండా పోవడమంటే ఏమిటో తెలియాలంటే 1979కి వెళ్లాలి. షుగర్‌హిల్ గ్యాంగ్ పాడిన ‘ర్యాపర్స్ డిలైట్’ అమెరికా టాప్ 40లోకి ఎక్కిన తొలి ర్యాప్ పాట. పాడిన ముగ్గురిలో ఒకరు బిగ్ బ్యాంక్ హ్యాంక్. న్యూజెర్సీలోని ఎంగిల్‌వుడ్‌లో పిజ్జా దుకాణంలో పనిచేసేవాడు. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో గ్రాండ్‌మాస్టర్ కాజ్ అనే ర్యాపర్‌కి మేనేజర్‌గా కూడా ఉండేవాడు. పని చేసుకుంటూ కాజ్ టేపు పెట్టుకుని దాంతోపాటు పాడుతుంటే, రికార్డు కంపెనీ పెడుతున్న సిల్వియా రాబిన్సన్ చెవిన పడింది. దుకాణం బయట కారులో కూర్చోబెట్టి పాడించుకుంది, తీసేసుకుంది. హ్యాంక్‌కి సొంతంగా రాసుకున్నవి లేవు. కాజ్ దగ్గరికి వెళ్లి అడిగాడు. కాజ్ తన రైములు రాసుకున్న నోట్‌బుక్ ముందు పడేసి, కావలసినవి తీసుకోమన్నాడు. ఇదంతా కాజ్ తర్వాత ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పిందే.

హ్యాంక్ తీసుకున్నాడు. ఎంత యథాతథంగా తీసుకున్నాడంటే, కాజ్‌కి అప్పట్లో ఉన్న పేరు కాజనోవా ఫ్లై. ఆ పేరును ఒక్కో అక్షరం విడగొట్టి చెప్పుకునే లైను ఆ నోట్‌బుక్‌లో ఉంది. హ్యాంక్ దాన్ని కూడా మార్చలేదు. రికార్డులో ‘నేను సి-ఏ-ఎస్-ఏ-ఎన్-ఓ-వి-ఏ’ అంటూ ఇంకొకడి పేరు తన పేరుగా చెప్పుకున్నాడు. ప్రపంచం ఇప్పటికీ ఆ అక్షరాలు వింటూనే ఉంది. కాజ్‌కి డబ్బు రాలేదు, రచయితగా పేరూ రాలేదు. ఇక్కడ ఇంకొకటి ఉంది. ఆ పాట కింద నడిచే బేస్ గిటార్ బాణీ షిక్ బృందం పాట నుంచి తీసుకున్నది. షిక్ పాట రాసిన నైల్ రాడ్జర్స్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ లాయర్లతో వచ్చారు, వాళ్ల పేర్లు రచయితలుగా చేరాయి. బాణీ ఇచ్చినవాళ్లకి పేరు దక్కింది, మాట ఇచ్చినవాడికి దక్కలేదు. ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా నాకు కోపం తగ్గదు.

ఇక మీ రూమ్మేట్ వాదన. అందులో సగం నిజం ఉంది. సినిమా పాట పాడినవాణ్ణి నువ్వే రాశావా అని ఎవరూ అడగరు. ర్యాప్‌లో అడుగుతారు, ఎందుకంటే అక్కడ ‘నేను’ అనేది పాడేవాడే. నా వీధి, నా ఆకలి, నా అంత రాయగలవాడు లేడు అని సవాలు విసురుతాడు. ఆ సవాలు వేరేవాడు రాసిచ్చిందైతే అది అబద్ధమే.

మిగతా సగానికి 1987 చూడండి. లాస్ ఏంజిలస్‌లో ఐస్ క్యూబ్ అనే కుర్రాడు న్యూయార్క్ బృందం ఒకదానికి పాట రాశాడు. అది మా భాష కాదు, మా ఊళ్ల పాట కాదని వాళ్లు వద్దన్నారు. అప్పుడు బీట్ కట్టిన డాక్టర్ డ్రే, రికార్డు కంపెనీ నడిపే ఈజీ-ఈని నువ్వే పాడమన్నాడు. ఈజీ అంతకుముందు ర్యాప్ చేసినవాడు కాదు. ఒక్కో లైను పాడించి, ఆపి, మళ్లీ పాడించి అతికించారు. అలా వచ్చిన ‘బాయిజ్-ఎన్-ద-హుడ్’ వినండి. ఆ సన్నటి, కాస్త విసుగున్న గొంతు లేకపోతే క్యూబ్ మాటలకి ఆ కరుకుదనం రాదు. క్యూబ్ తర్వాత డబ్బు లెక్కల దగ్గర తగాదా పడి 1989 చివర్లో, ఈ ముగ్గురూ ఉన్న ఎన్.డబ్ల్యు.ఎ. బృందాన్ని వదిలేశాడు. రాసిన చెయ్యి ఎవరిదో అందరికీ తెలుసు. తగిన వాటా రాలేదన్నదే అతని గొడవ.

అదే బృందానికి రాసినవాళ్లలో ది డి.ఓ.సి. ఒకడు. 1989లో తన సొంత ఆల్బమ్ వచ్చింది, మంచి పేరొచ్చింది. కొన్ని నెలలకే, నవంబరులో, కారు ప్రమాదంలో గొంతు పాడైపోయింది. ఆ తర్వాత కూడా రాయడం మానలేదు. 1992లో డాక్టర్ డ్రే ‘ద క్రానిక్’లో అతని చెయ్యి ఉంది. సొంత గొంతు పోయిన మనిషి మాటలు వేరేవాళ్ల గొంతుల్లో బతికాయి. సొంతంగా రాసుకోనివాడు ర్యాపర్ కాడన్న లెక్క ఇతని దగ్గర నాకు సరిపోదు.

ప్రశ్న: ఒక్కో ర్యాప్ పాటకి యాప్‌లో పది మంది రచయితల పేర్లు కనిపిస్తాయి. మూడు నిమిషాల పాటకి పది మంది కూర్చుని రాస్తారా?
– లైబ్రరీ ఉద్యోగిని

జవాబు: లేదండీ. ఆ జాబితాలో మాటలు రాసినవాళ్లూ, బీట్ కట్టినవాళ్లూ కలిసి ఉంటారు. పాత పాట ముక్క ఏదైనా శాంపిల్‌గా వాడితే దాని అసలు రచయితలూ చేరతారు. 1997లో పఫ్ డాడీ, హత్యకు గురైన స్నేహితుడు నొటోరియస్ బి.ఐ.జి. కోసం పాడిన ‘ఐల్ బి మిస్సింగ్ యూ’ రచయితల్లో ఇంగ్లండ్ గాయకుడు స్టింగ్ ఉంటాడు. ఆయన ఆ స్నేహితుడి గురించి ఏమీ రాయలేదు, పాత బాణీ ఆయనది. పఫ్ డాడీ పలికిన ఆ దుఃఖపు మాటలు రాసింది సాస్ మనీ అనే ర్యాపర్. జాబితాలో అతని అసలు పేరు టాడ్ గేథర్ అని ఉంటుంది. కాబట్టి తెలియని పేరు కనిపిస్తే దాటేయకండి, అది ఏ ర్యాపర్ అసలు పేరో వెతకండి. డాక్టర్ డ్రే పాట ‘స్టిల్ డి.ఆర్.ఈ.’ కింద షాన్ కార్టర్ అని ఉంటుంది, అతను జే-జీ అనే ర్యాపర్.

ప్రశ్న: మేడమ్, నేనూ నా స్నేహితుడూ అమెరికాలో చదువుతున్నాం. నేను రాస్తాను, కానీ స్టేజీ ఎక్కలేను. వాడు బాగా పాడతాడు. ఒక్కో పాటకి 300 డాలర్లు ఇస్తాను, నువ్వు రాశావని ఎవరికీ చెప్పొద్దు అంటున్నాడు. ఒక వర్స్, అంటే ర్యాప్ చరణం, జతచేశాను. ఇవ్వమంటారా?
– ఒక పాఠకుడు

జవాబు: నాన్నా, ముందు నా సంగతి చెబుతాను. ఇరవై మూడేళ్లప్పుడు ఒక ఆల్బమ్‌కి పాట రాసిచ్చాను. క్యాసెట్ వచ్చాక అట్ట విప్పి చూస్తే రచన దగ్గర ఇంకొకరి పేరు ఉంది. ఇంటికి తీసుకెళ్లి అమ్మకి వినిపించి, ఇది నాదే అన్నాను. అమ్మ అట్ట తిప్పి తిప్పి చూసి, ‘మరి నీ పేరు లేదేంటే?’ అంది. ఏం చెప్పాలో తెలియలేదు. మన పాత కావ్యాల్లో డబ్బిచ్చిన కృతిభర్త పేరుతోపాటు రాసిన కృతికర్త పేరూ పద్యంలోనే ఉండేది. నాకు అదీ లేదు.

ఇప్పుడు లెక్క చూడండి. అమెరికాలో 2023లో, డౌన్‌లోడ్ అయినా సీడీ అయినా పాట రచనకి కాపీకి 12 సెంట్లు చట్టం నిర్ణయించింది. లక్ష డౌన్‌లోడ్‌లైతే 12,000 డాలర్లు. హిప్-హాప్‌లో సాధారణంగా సగం బీట్‌కి, సగం మాటలకి పంచుకుంటారు. మాటలన్నీ మీవైతే 6,000 మీకు. లక్ష రావడం కష్టమే, నాకు తెలుసు. కానీ 300 తీసుకుని పేరు వదులుకుంటే పది లక్షల డౌన్‌లోడ్‌లు వచ్చినా మీకు అంతే.

అమెరికా కాపీరైట్ చట్టంలో పూర్తి హక్కు చేతులు మారాలంటే రాసినవారి సంతకంతో కాగితం ఉండాలి. రచయితగా మీరు హక్కు రాసిచ్చినా 35 ఏళ్ల తర్వాత వెనక్కి తీసుకునే వీలుంది. అయితే కాగితంలో ‘వర్క్ మేడ్ ఫర్ హైర్’ (రచన మొదటినుంచీ చేయించుకున్నవాడిదే) అన్న మాట కనిపిస్తే సంతకం పెట్టకండి, ముందు లాయర్‌కి చూపించండి. ఆ రకం పనికి ఈ వీలు వర్తించదు. స్నేహితుడితో కాగితమా అని మొహమాటపడకండి. స్టూడియోల్లో స్ప్లిట్ షీట్ అని ఒక్క పేజీ ఉంటుంది. పాట పేరు, ఎవరెవరు రాశారు, ఎవరికి ఎంత శాతం, తేదీ, సంతకాలు. రికార్డింగ్ అయిన రోజే, గదిలోంచి బయటికి రాకముందే రాసుకోండి. జనానికి మీరెవరో చెప్పకపోయినా ఫర్వాలేదు, కాగితం మీద మాత్రం ఉండండి.

మీ వర్స్ నాలుగుసార్లు చదివాను. నాన్న నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి, మీ నిద్ర చెడకుండా గుమ్మం బయటే బూట్లు విప్పుకునే లైను ఉందే, అది మీ ఇంటి మాట. దాన్ని మీ స్నేహితుడు ‘మా నాన్న’ అని పాడితే వినలేరు మీరు. అది మీ దగ్గరే ఉంచుకోండి. జే-జీ న్యూయార్క్‌వాడై ఉండి డాక్టర్ డ్రేకి రాసినప్పుడు డ్రే కథే రాశాడు, తనది కాదు. మీ స్నేహితుణ్ణి ఒక సాయంత్రం కూర్చోబెట్టి వాళ్ల నాన్న ఇంటికి ఎలా వచ్చేవాడో అడగండి. అది రాసివ్వండి.