ఏట్లో నీళ్లు ఎటు పోయాయి?

ప్రశ్న: ఈమధ్య కుప్పం పోతూ వంతెన మీద నుంచి పాలారు చూశాను. గుంతలు, సర్కారు తుమ్మ తప్ప చుక్క నీరు లేదు. ఇదసలు నదేనా? నీళ్లన్నీ కర్ణాటక వాళ్లు ఆపేశారంటారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: నదేనమ్మా. కర్ణాటకలో నందికొండల వైపు పుట్టి, కోలారు జిల్లా దాటి మన కుప్పం సీమలోకి వస్తుంది. ఆపైన తమిళనాడులో వేలూరు పక్కగా పోయి సముద్రంలో కలుస్తుంది. మొత్తం 348 కిలోమీటర్లలో మనకు దక్కింది 33 మాత్రమే.

ఎగువన బేతమంగళం లాంటి పెద్ద చెరువులున్న మాట నిజమే. అవి నిండి మొరవ (అలుగు) పోతేనే మన ఏటికి నీళ్లు. ఈ తగాదా పాతదే. 1892లోనే మైసూరు, మద్రాసు ప్రభుత్వాలు ఒప్పందం రాసుకున్నాయి, అందులో పాలారు కూడా ఉంది. మనం కుప్పం దగ్గర డ్యామ్ కడతామన్నప్పుడు తమిళనాడు సుప్రీంకోర్టుకు పోయింది. కింది వాళ్లకు మనమే ఎగువ కదా!

నన్ను బాధపెట్టేది మాత్రం ఇసుక సంగతి. చిన్నప్పుడు ఎండాకాలంలో మా అవ్వ బిందె తీసుకుని ఏట్లోకి దిగేది. మోచేతి లోతు ఇసుక తోడితే చెలమ ఊరేది. మొదట వచ్చే మడ్డి నీళ్లు రెండు మూడు సార్లు తోడి పారబోసి, కాసేపు ఆగేది. అంచుల నుంచి ఇసుక జారుతూనే ఉండేది. తేటపడ్డాక కొబ్బరి చిప్పతో మెల్లగా ముంచి బిందె నింపేది. పైన ఏరు ఎండి మూడు నెలలైనా సరే!

ఎందుకంటే పాలారు ఇసుక కిందే దాక్కుని పారే ఏరు. తడిసిన ఇసుక తన పరిమాణంలో నాలుగో వంతు దాకా నీళ్లు దాచుకుంటుంది. మూడు నాలుగు అడుగులు దిగితే ఆ నీళ్లను ఎండ పెద్దగా తాకదు. అడుగున మనది గట్టి నల్లరాయి. నెర్రెల్లో తప్ప దాంట్లో నీళ్లు నిలవవు. ఇసుక తోడేస్తే ఆ తొట్టి పోయినట్టే. వరద వచ్చినా ఆగకుండా సాగిపోతుంది, ఒడ్డు బావులకు ఊట అందదు. 2021 నవంబర్‌లో వేలూరు దగ్గర పాలారు రెండు ఒడ్లూ ఒరుసుకుని పారింది. ఆ నీళ్లను పట్టి ఉంచడానికి ఏట్లో ఇసుక ఉండాలి కదమ్మా.

ఈసారి కుప్పం పోయినప్పుడు వంతెన కిందికి ఒకసారి దిగి చూడండి. స్తంభాల పునాదులు ఎంత మేర బయటపడ్డాయో చూస్తే, అక్కడ నుంచి ఎంత ఇసుక పోయిందో మీకే తెలుస్తుంది.