బ్యాలెన్స్ లక్షా 42 వేలు, చేతికొచ్చేది ఎంత?

ప్రశ్న: మాది వరంగల్. వయసు 31. ప్రైవేటు ఉద్యోగం, నెలకు రూ.38,000 చేతికొస్తుంది. టెలిగ్రామ్‌లో వచ్చిన లింకు పట్టుకుని ఒక ఆన్‌లైన్ క్యాసినోలో చేరాను. మొదట రూ.2,000 వేసి రూ.3,000 తీసుకుంటే పది నిమిషాల్లో వచ్చేసింది. తర్వాత క్రెడిట్ కార్డు నుంచి వాలెట్‌లోకి మార్చి రూ.15,000 వేశాను. వాళ్లూ అంతే బోనస్ ఇచ్చారు. ఎక్కువగా క్రాష్ గేమ్ (పెరుగుతూ పోయే అంకె కూలేలోపు బయటపడాల్సిన ఆట) ఆడాను. ఇప్పుడు బ్యాలెన్స్ రూ.1,42,000 ఉంది. విత్‌డ్రా పెడితే ముందు ‘వేజరింగ్ (డబ్బు తీసేముందు కాయాల్సిన పందేల మొత్తం) ఇంకా రూ.6,30,000 మిగిలింది’ అన్నారు. ఇప్పుడేమో 30 శాతం పన్ను కింద రూ.42,600 ముందుగా కడితే మొత్తం ఒకేసారి పంపిస్తామంటున్నారు. పాన్, ఆధార్, సెల్ఫీ వీడియో ఇచ్చేశాను. ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి ఆ పన్ను కట్టొచ్చా? నిబంధనల పేజీ స్క్రీన్‌షాట్లు పంపుతున్నాను.

జవాబు: కట్టొద్దు. బంగారం మీదే కాదు, మీ జీతంలోంచి కూడా ఒక్క రూపాయి ఇకపై అటు వెళ్లకూడదు.

ముందు పన్ను సంగతి చూద్దాం. ఆన్‌లైన్ ఆటల్లో గెలిచిన సొమ్ముపై 30 శాతం పన్ను ఉన్న మాట నిజమే. అయితే 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న పద్ధతి ప్రకారం ఆ పన్నును ఆట నడిపే సంస్థే విత్‌డ్రా సమయంలో కోసుకుని, మీ పాన్ పేరిట ప్రభుత్వానికి జమ చేయాలి. అది ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పాన్ పేరిట ఉండే పన్ను జమల నివేదికలో కనిపిస్తుంది. ఆటగాడు ఎవరిదో యూపీఐ ఐడీకి పన్ను పంపే పద్ధతి ఆదాయపు పన్ను చట్టంలో ఎక్కడా లేదు. కొందరు ఇదే పాటను జీఎస్టీ పేరుతో పాడతారు. జీఎస్టీ పడేది డబ్బు వేసేటప్పుడు. 2023 అక్టోబరు 1 నుంచి 28 శాతం, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం. డబ్బు తీసేటప్పుడు దానితో పనే లేదు.

లెక్క కూడా తప్పే. రూ.42,600 అంటే రూ.1,42,000కు సరిగ్గా 30 శాతం. అంటే మీరు వేసిన అసలు మీద కూడా పన్ను అడుగుతున్నారు. విత్‌డ్రా సమయంలో చట్టం చూసేది నికర గెలుపును: ఏడాదిలో తీసుకున్న మొత్తంలోంచి మీరు వేసిన డబ్బు, ఏడాది మొదట్లో ఖాతాలో ఉన్న నిల్వ తీసేయగా మిగిలింది. మీకు ఇప్పటిదాకా వచ్చింది రూ.3,000, మీరు వేసింది రూ.17,000. ఈ క్షణాన మీ గెలుపు సున్నా కన్నా తక్కువ.

ఇక నిబంధనల పేజీ. అసలు కథంతా అందులోనే ఉంది.

‘డిపాజిట్, బోనస్ కలిపి 35 రెట్లు’ అని రాసి ఉంది. రూ.15,000కు రూ.15,000 కలిపితే రూ.30,000. దానికి 35 రెట్లంటే రూ.10,50,000. అంత మొత్తానికి పందేలు కాస్తే తప్ప బోనస్ సొమ్ము విత్‌డ్రాకు పనికిరాదు. స్లాట్ ఆట వందకు సగటున 96 తిరిగి ఇస్తుందనుకుంటే, పదిన్నర లక్షల పందేల మీద సగటు నష్టం రూ.42,000. మీ దగ్గర మొదట ఉన్నదే రూ.30,000. కాబట్టి చాలామంది వేజరింగ్ పూర్తికాకముందే ఖాళీ అవుతారు. అసలుకే ఎసరు పెట్టే లెక్క ఇది. ‘బోనస్‌కు మాత్రమే 35 రెట్లు’ అని ఉంటే రూ.5,25,000 పందేలు, సగటు నష్టం రూ.21,000 అయ్యేది. చూడ్డానికి రెండూ ‘35’ అనే కనిపిస్తాయి. పక్కన ఉన్న ఒక్క మాట లెక్కను రెట్టింపు చేస్తుంది.

గడువు ఏడు రోజులు అన్నారు. రోజుకు లక్షన్నర పందేలు. స్పిన్‌కు రూ.50 చొప్పున 3,000 స్పిన్లు, నిమిషానికి పది వేసినా రోజుకు ఐదు గంటలు. ఉద్యోగం చేసుకునేవారికి కుదిరే పనేనా? గడువు దాటితే బోనస్, దానిమీద వచ్చిన గెలుపు రెండూ రద్దు.

ఆ కింద చిన్న అక్షరాల్లో ఒక పట్టిక ఉంది. స్లాట్లు 100 శాతం, రూలెట్ 20, క్రాష్ గేమ్, బ్లాక్‌జాక్ 10. మీరు క్రాష్ గేమ్‌లో రూ.1,000 పెడితే వేజరింగ్ మీటరులో ఎక్కేది రూ.100. ఆ ఒక్క ఆటతోనే పదిన్నర లక్షలు పూర్తి చేయాలంటే రూ.1,05,00,000 పందేలు కాయాలి. ఆ ఆటలో సంస్థ వాటా 3 శాతం అనుకున్నా సగటు నష్టం రూ.3,15,000. నష్టం తక్కువని పేరున్న ఆటలకే మీటరులో విలువ తక్కువ ఇస్తారు. ఇది యాదృచ్ఛికం కాదు.

ఇంకో నిబంధన మీకు మరీ ప్రమాదకరం. బోనస్ ఉన్నంతకాలం ఒక పందెం రూ.400 దాటకూడదు, దాటితే గెలుపంతా రద్దు చేసే హక్కు సంస్థది. మీరు పంపిన ఆట చరిత్రలో రూ.1,000 పందేలు కనీసం పదిహేను కనిపిస్తున్నాయి. పరిమితి దాటిన పందేన్ని సాఫ్ట్‌వేర్ అక్కడికక్కడే ఆపగలదు. కానీ ఆపదు. ఓడితే డబ్బు తీసుకుని ఊరుకుంటుంది, గెలిస్తే విత్‌డ్రా రోజున ఆ పందెం బయటికి తీస్తుంది. అంటే వేజరింగ్ పూర్తిచేసినా మీ సొమ్ము ఆపడానికి వాళ్ల చేతిలో కారణం సిద్ధంగా ఉంది.

‘బోనస్‌తో వచ్చిన గెలుపులో గరిష్ఠ విత్‌డ్రా బోనస్‌కు 5 రెట్లు’ అనేది మీరు చూసి ఉండరు. ఐదు రెట్లంటే రూ.75,000. ఆ పైనున్న రూ.67,000 విత్‌డ్రా నొక్కగానే ఆవిరవుతుంది. అంటే అన్నీ సవ్యంగా జరిగి, మిగిలిన రూ.6,30,000 వేజరింగ్ కూడా స్లాట్లలో పూర్తిచేసి, సగటున రూ.25,200 పోగొట్టుకుని, రూ.1,16,800 మిగిల్చుకున్నా మీకు దక్కేది రూ.75,000. దానిమీద నిజాయతీగా పన్ను లెక్కేస్తే: తీసుకున్నది మొత్తం రూ.78,000, వేసింది రూ.17,000, తేడా రూ.61,000, అందులో 30 శాతం రూ.18,300. అదీ ఇచ్చే డబ్బులోంచే కోతపడాలి. రూ.42,600 అనే అంకె వాళ్ల సొంత నిబంధనలతో కూడా పొసగదు.

విత్‌డ్రా పరిమితులు కూడా చూడండి: రోజుకు రూ.20,000, వారానికి రూ.50,000, ప్రతి విత్‌డ్రాకు 72 గంటల ‘పరిశీలన’. రూ.75,000 రావడానికే రెండు వారాలు. ఆ 72 గంటలూ పక్కనే ‘రద్దు చేసి ఆడండి’ అనే మీట వెలుగుతూ ఉంటుంది. డబ్బు కళ్లముందు కనిపిస్తూ, చేతికి రాకుండా, ఆడటానికి మాత్రం అందుబాటులో ఉంచడమే ఆ పరిశీలన ఉద్దేశం. రోజుకు ఇరవై వేలు మించి ఇవ్వమని రాసుకున్నవాళ్లు, పన్ను కడితే లక్షా 42 వేలు ఒకేసారి ఇస్తామనడం ఏమిటి? ఇక్కడే వాళ్లు దొరికిపోయారు. కావాలంటే చాట్‌లో ఒక్క వాక్యం అడగండి: ‘పన్ను నా బ్యాలెన్స్‌లోంచే మినహాయించి మిగిలింది పంపండి’ అని. సిస్టమ్ ఒప్పుకోదంటారు. ఆ జవాబు స్క్రీన్‌షాట్ తీసి దాచండి. మీరు ఒకవేళ కడితే తర్వాత వచ్చేది ‘ఖాతా ధ్రువీకరణ రుసుము’, ఆ తర్వాత ‘మనీ లాండరింగ్ డిపాజిట్’.

ఇదే ప్రశ్న బ్రిటన్‌లో ఉండే తెలుగువారు అడిగితే జవాబు కొంత వేరుగా ఉండేది. అక్కడ లైసెన్సు ఉన్న క్యాసినోలు ఉన్నాయి. 2026 జనవరి 19 నుంచి బోనస్‌పై వేజరింగ్ 10 రెట్లు మించకూడదు. విత్‌డ్రా పెట్టిన సొమ్మును మళ్లీ ఆటలోకి లాక్కునే మీట 2021లోనే నిషేధం. క్రెడిట్ కార్డుతో జూదం 2020 ఏప్రిల్ నుంచి కుదరదు. మీ బోనస్‌కే 10 రెట్లు లెక్కేస్తే పందేలు రూ.1,50,000, సగటు నష్టం రూ.6,000. మీరున్న చోట ఇలాంటి రక్షణ ఏదీ లేదు, ఎందుకంటే ఆ వ్యాపారానికే అనుమతి లేదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. నిర్వాహకులకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. కేంద్ర చట్టం గురి నిర్వాహకులు, ప్రచారకర్తలు, చెల్లింపులు నడిపేవారి మీద. రాష్ట్ర చట్టాలు మాత్రం ఆడినవారినీ వదలవు. అందుకే ఫిర్యాదు రాసేముందు ఒక న్యాయవాదికి ఫీజు ఇచ్చి గంటసేపు మాట్లాడటం దండగ కాదు. భయపడి ఫిర్యాదే మానేయడం మాత్రం మోసగాళ్లకే లాభం.

ఇప్పుడు చేయాల్సినవి. బ్యాలెన్స్, నిబంధనల పేజీ, చాట్, డబ్బు పంపిన ప్రతి యూపీఐ ఐడీ, 12 అంకెల యూటీఆర్ నంబర్లు (ప్రతి చెల్లింపుకూ ఉండే గుర్తింపు సంఖ్యలు) తేదీలతో సహా ఒకచోట పెట్టండి. పేజీని రాత్రికి రాత్రే మార్చేస్తారు కాబట్టి ముందు ఆ పని చేయండి. 1930కి ఫోన్ చేయండి, లేదా జాతీయ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో నమోదు చేసి అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు దాచుకోండి. ఫిర్యాదు బలం మొదటి కొన్ని గంటల్లోనే ఎక్కువ, డబ్బు ఇంకా అవతలి ఖాతాలో ఉంటే ఆపగలరు. మీ రూ.15,000 వెళ్లి రోజులైంది, దానిమీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. ‘మీ డబ్బు రాబట్టి పెడతాం, కమీషన్ ముందివ్వండి’ అని ఫోన్లు వస్తాయి. అదీ ఈ మోసంలో భాగమే.

మీకు వచ్చిన ఆ రూ.3,000 గురించి మీరు ఆలోచించి ఉండరు. స్టేట్‌మెంట్ తీసి ఎవరి పేరు నుంచి వచ్చిందో చూడండి. ఇలాంటి సైట్లు చాలాసార్లు ఇంకో బాధితుడి డబ్బునే మీకు పంపిస్తాయి. అతను వేరే రాష్ట్రంలో ఫిర్యాదు చేస్తే, ఆ సొమ్ము జాడ పట్టుకుని పోలీసులు మీ ఖాతాపై హోల్డ్ పెట్టించవచ్చు. జీతం పడే ఖాతా అదే అయితే ఈఎంఐలు బౌన్స్ అవుతాయి. ముందుజాగ్రత్తగా వేరే బ్యాంకులో ఒక ఖాతా తెరిచి ఒక నెల ఖర్చులు అందులో ఉంచండి. హోల్డ్ పడితే బ్యాంకును ఫిర్యాదు నంబరు, ఏ స్టేషనో అడిగి తెలుసుకుని, రూ.3,000 ఎలా వచ్చిందో ఆధారాలతో ఆ దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా పంపాలి. బ్రాంచి మేనేజరును బతిమాలితే తెరుచుకోదు.

పాన్, ఆధార్, సెల్ఫీ వీడియో ఇచ్చారు కదా. మీ పేరిట లోన్ తీసుకోవడానికి అవి దాదాపు సరిపోతాయి. మన అప్పుల చరిత్రను నమోదు చేసే నాలుగు క్రెడిట్ బ్యూరోలూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మూడు నెలలకొకటి చొప్పున తీసి, మీకు తెలియని లోన్ గానీ ఎంక్వైరీ గానీ ఉందేమో చూడండి. కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథి పోర్టల్‌లో మీ పేరిట ఎన్ని సిమ్‌లున్నాయో తెలుస్తుంది. ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేయండి. కార్డు ఫొటో దుర్వినియోగం దానితో ఆగదు, వేలిముద్రతో డబ్బు తీసే దారి మూసుకుంటుంది. ఆ యాప్‌ను ప్లే స్టోర్ నుంచి కాకుండా లింకు నుంచి ఏపీకే ఫైలుగా దించుకుని ఉంటే ఎస్‌ఎంఎస్, కాంటాక్టుల అనుమతి తీసేసి, తర్వాత తొలగించి, యూపీఐ పిన్, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ మరో ఫోను నుంచి మార్చండి.

ఆ బ్యాలెన్స్ చూస్తే మళ్లీ ఆడాలనిపించడం సహజం. ఆపుకోవడం కష్టంగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బేమీ తీసుకోరు.

చివరిగా కార్డు బాకీ. రూ.15,000 మీద కనీస మొత్తం మాత్రమే కడుతూ పోతే చాలా కార్డులకు నెలకు 3.5 శాతం, కొన్నిటికి అంతకన్నా ఎక్కువ వడ్డీ పడుతుంది, పైగా కొత్తగా కొన్నవాటికి కూడా వడ్డీ లేని గడువు పోతుంది. మీ జీతానికి ఇది రెండు బిల్లుల పని: ఈ నెల రూ.8,000, వచ్చే నెల మిగిలినదంతా వడ్డీతో సహా. ఆ రెండు నెలలూ కార్డు వాడకుండా, యాప్‌లో ఆన్‌లైన్ లావాదేవీల పరిమితిని సున్నాకు దించండి.