పంపిన మార్పు ఎందుకు వెనక్కి వచ్చింది?

ప్రశ్న: మాది పరకాల. వరంగల్‌లో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. పుస్తకాలు చదివే ఒక ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) యాప్‌లో తెలుగు పదాలు పంక్తి చివర అక్షరం మధ్యలో తెగిపోతున్నాయి. కోడ్ సరిచేసి, ఆ మార్పును కలుపుకోమని పుల్ రిక్వెస్ట్ పంపాను. పనిలో పనిగా ఫైలంతా శుభ్రంగా సర్దాను. యాప్ నడిపేవారు ‘విడదీసి, టెస్ట్ జత చేసి పంపండి’ అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. నా ఇంగ్లిష్ చూసి చులకన చేశారా మేడమ్?

జవాబు: ముందు ఇంగ్లిష్ సంగతి తేల్చేద్దాం. లినక్స్ అనే ఓపెన్ సోర్స్ వ్యవస్థను మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ మాతృభాష స్వీడిష్. ఏమి చెడింది, ఎలా సరిచేశారు, ఏ పదంతో చూడవచ్చు అన్నవి నాలుగు చిన్న వాక్యాల్లో తెలిస్తే చాలు. మీ చిక్కంతా ఆ ‘పనిలో పనిగా’లో ఉంది. గుండీ కుట్టమని చొక్కా ఇస్తే దర్జీ కాలరు కూడా మార్చేస్తే ఒప్పుకుంటారా?

కాజీపేటలో మా ఇంట్లో రాత్రి వంటిల్లు సర్దాక నేనూ ఒక ప్రాజెక్టుకు వచ్చే మార్పులు చూస్తుంటాను. జీతం లేని పని. ఖాళీలు సరిచేసిన వందల వరుసల్లో అసలు మరమ్మతు ఎక్కడుందో వెతకాలంటే విసుగొస్తుంది. రేపు ఏదైనా చెడితే ఆ మరమ్మతును ఒక్కదాన్నే వెనక్కి తీయడమూ కష్టం. కోడ్ మార్పులను నమోదు చేసే గిట్‌లో ‘గిట్ యాడ్’ ఆదేశానికి ‘హైఫన్ పి’ తగిలించండి. మార్పులను ముక్కలుగా చూపించి, ఏది ఉంచాలో అడుగుతుంది.

ఇక టెస్ట్, అంటే కోడ్ సరిగా పనిచేస్తోందో లేదో దానంతటదే సరిచూసే చిన్న ప్రోగ్రాం. మీ కోడ్ చూసేవారికి తెలుగు రాకపోవచ్చు. ‘స్త్రీ’ మనకు ఒకే అక్షరం. కంప్యూటర్లలో లిపులకు సంకేతాలిచ్చే యూనికోడ్ ప్రమాణంలో ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈ గుణింతం. పాత కోడ్ వీటి మధ్యలో తెంపుతోందన్నమాట. ‘స్త్రీ’, ‘లక్ష్మి’ లాంటి పదాలతో, పాత కోడ్‌లో విఫలమై మీ కోడ్‌లో నెగ్గే టెస్ట్ రాయండి. అప్పుడు మీ మాట నమ్మాల్సిన పని వారికి ఉండదు.

దానికన్నా ముందు, అక్షరాలను విడదీయడానికి ఆ యాప్ ఏ లైబ్రరీ (వేరేవారు రాసిపెట్టిన కోడ్) వాడుతోందో, అది ఏనాటిదో చూడండి. తెలుగు ఒత్తులను హల్లుల నుంచి విడదీయకూడదన్న నియమం యూనికోడ్ అక్షర విభజన సూత్రాల్లోకి 2023లో, 15.1 వెర్షన్‌తో వచ్చింది. లైబ్రరీ పాతదైతే కొత్తది పెట్టడంతోనే రోగం కుదరవచ్చు, మీ కోడ్ అవసరమే పడకపోవచ్చు. అలా తేలితే బాధపడకండి, ఆ మాటే రాయండి. నా దృష్టిలో కోడ్ కన్నా అదే పెద్ద సాయం.

మళ్లీ కొత్త రిక్వెస్ట్ తెరవకండి. మీ మార్పులున్న అదే బ్రాంచికి (కోడ్ శాఖకు) పుష్ చేస్తే, అంటే పంపితే, పాతదే తాజా అవుతుంది. వారం దాకా ఉలుకూ పలుకూ లేకపోతే ఒక్కసారి గుర్తు చేయండి.

ఫైలు సర్దాలన్న ముచ్చట ఇంకా తీరకపోతే ముందు వారిని అడగండి, సరేనంటే వేరుగా పంపండి. చాలా చోట్ల వద్దనే అంటారు.