పాఠకుల ప్రశ్నలు: యాపిల్ ‘పై’లో నీరు ఎక్కడికి పోవాలి?

శరదృతువులో కొత్త యాపిల్ పండ్లు చేతికి అందుతున్న ఈ రోజుల్లో మాకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంట్లో చేసుకునే యాపిల్ ‘పై’ గురించే ఉన్నాయి. అడిగిన తీరు వేరైనా చాలామంది ఇబ్బంది ఒక్కటే కాబట్టి, దాన్ని వివరంగా చెప్పిన ఉత్తరానికి ముందుగా, కొంచెం విస్తారంగా జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: కిలో యాపిల్ ముక్కల్లో పంచదార, దాల్చినచెక్క పొడి కలిపి, కింద ఒక పొర, మీద ఒక పొర మైదా పిండి పరచి, 180 డిగ్రీల సెల్సియస్ వేడిలో 40 నిమిషాలు బేక్ చేశాను. పైకి చక్కగా ఎర్రబడింది గానీ, కోసి చూస్తే అడుగు పొర తడిసి ముద్దగా ఉంది. మీది పొరకూ పండ్లకూ మధ్య ఖాళీ మిగిలింది. పళ్లెంలో రసం మడుగు కట్టింది. రెండుసార్లు చేస్తే రెండుసార్లూ ఇలాగే అయింది. పొరపాటు ఎక్కడ జరుగుతోంది?

జవాబు: మీరు చెప్పిన మూడు లోపాలకూ మూలం ఒక్కటే, అది పండులోని నీరు. యాపిల్ బరువులో దాదాపు 85 శాతం నీరే ఉంటుంది. దాని పరిమాణంలో సుమారు నాలుగో వంతు గాలి కూడా ఉంటుంది, నీళ్లలో వేస్తే పండు తేలేది అందుకే. ఓవెన్ వేడికి ముక్కలు మెత్తబడగానే గాలి పోయి, నీరు బయటికి వచ్చి, అవి కుంగిపోతాయి. మీద పరచిన పిండి మాత్రం ముక్కలు కుంగకముందే గట్టిపడి ఉన్నచోటనే నిలిచిపోతుంది కాబట్టి మధ్యలో ఖాళీ ఏర్పడుతుంది, దిగిన నీరు అడుగు పొరను కాలనివ్వకుండా తడుపుతుంది. ఆ నీటిని ఓవెన్‌లో పెట్టడానికి ముందే బయటికి రప్పించగలిగితే మీ కష్టం చాలావరకు తీరిపోతుంది.

చెక్కు తీసి, గింజల భాగం తొలగించిన ఒక కిలో యాపిల్ పండ్లను సుమారు 6 మిల్లీమీటర్ల మందం ముక్కలుగా కోయండి. 100 గ్రాముల పంచదార, ఒక టేబుల్ స్పూను నిమ్మరసం, ఒక టీస్పూను దాల్చినచెక్క పొడి, చిటికెడు ఉప్పు కలిపి ఒక గంట కదపకుండా ఉంచండి. పంచదార ముక్కల్లోని నీటిని లాగుతుంది, నిమ్మరసం వాటిని నల్లబడనివ్వదు. తరువాత ముక్కలను చిల్లుల గిన్నెలో వేసి, కిందికి దిగిన రసాన్ని మరొక గిన్నెలో పట్టండి. దయచేసి ఆ రసాన్ని పారబోయకండి, పండు పులుపూ పరిమళమూ చాలావరకు అందులోకే దిగి ఉంటాయి. దానికి 30 గ్రాముల వెన్న చేర్చి, మధ్యస్థమైన మంట మీద సగానికన్నా తక్కువై పాకంలా చిక్కబడేవరకు మరిగించి, చల్లార్చండి. ముక్కల్లో రెండు టేబుల్ స్పూన్ల కార్న్‌ఫ్లోర్ కలిపి, ఈ పాకాన్ని వాటి మీద పోయండి. ముక్కలు అప్పటికే కొంత కుంగి ఉంటాయి కనుక అదే పాత్రలో ఎక్కువ పండు పడుతుంది. మధ్యలో సందులు లేకుండా చేత్తో అదిమి సర్దడం కూడా ముఖ్యమే.

ఇక వేడి సంగతి. అడుగు పొరకు వేడి కింది నుంచి, మొదటి నిమిషం నుంచే తగలాలి. ఓవెన్‌లో కింది అరలో ఒక మందపాటి ట్రే పెట్టి, 220 డిగ్రీల వద్ద అరగంట కాగనిచ్చి, దాని మీదనే పాత్రను ఉంచండి. ఇలా చేసేటప్పుడు లోహపు పాత్రనే వాడండి, ఫ్రిజ్‌లోంచి తీసిన గాజు పాత్రను కాగిన ట్రే మీద పెడితే పగిలిపోవచ్చు. 20 నిమిషాల తరువాత వేడిని 190 డిగ్రీలకు తగ్గించి మరో 40 నుంచి 45 నిమిషాలు కాలనివ్వండి. అంచులు ముందే ముదురు రంగుకు వస్తే అల్యూమినియం రేకుతో కప్పవచ్చు. మీరు వాడిన 180 డిగ్రీలూ 40 నిమిషాలూ ఈ పనికి చాలవు. పైపొర ఎర్రబడటాన్ని బట్టి లోపల ఉడికిందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. కార్న్‌ఫ్లోర్ దాదాపు మరిగే వేడికి చేరితే తప్ప పూర్తిగా చిక్కబడదు కాబట్టి, మీది పొరలో కోసిన చీలికల్లోంచి, అంచుల దగ్గరే కాక నడిమధ్యన కూడా, చిక్కటి రసం నెమ్మదిగా బుడగలు వేస్తూ కనిపించేవరకు ఆగండి. ఆ చీలికలు లోపలి ఆవిరి బయటికి పోవడానికి కూడా అవసరం, అవి అలంకారానికేనని అనుకుని మానకండి.

ప్రశ్న: ఒకసారి ముక్కలు ముక్కలుగానే నిలిచాయి, మరోసారి అంతా గుజ్జయిపోయింది. ఏ రకం పండ్లు కొనాలి?

జవాబు: ముక్క నిలవడమూ కరగడమూ పండులోని కణాలను అతికించి ఉంచే పెక్టిన్ అనే పదార్థం మీద చాలావరకు ఆధారపడి ఉంటాయి, అది రకాన్ని బట్టి మారుతుంది. ఆస్ట్రేలియాలో మరియా ఆన్ స్మిత్ అనే రైతు మహిళ తోటలో 1868లో గుర్తించిన గ్రానీ స్మిత్ అనే ఆకుపచ్చ రకం పుల్లగా ఉండి, వేడికి తట్టుకుంటుంది. గోల్డెన్ డెలీషియస్ కూడా బాగానే నిలుస్తుంది గానీ తీపి ఎక్కువ. ఇంగ్లండ్‌లో వంటకు పేరుపడిన బ్రామ్లీ, కెనడాలో పుట్టిన మెకింటోష్ త్వరగా గుజ్జవుతాయి. ఇంగ్లండ్‌లో ఆ మెత్తదనమే ఇష్టపడి బ్రామ్లీతో చేసుకునేవారు ఎందరో ఉన్నారు, కాబట్టి అది లోపమని నేను అనను. నాకు నచ్చినది రెండు పాళ్లు పుల్లని రకం, ఒక పాలు తీపి రకం కలపడం. ఒకే రకంతో చేస్తే రుచి ఏకధాటిగా సాగుతుంది.

రకంతో పాటు తాజాదనమూ చూడాలి. కోసి నిల్వ ఉంచిన కొద్దీ పండులో పిండి పదార్థం చక్కెరగా మారుతుంది, పులుపు తగ్గుతుంది, పెక్టిన్ సడలుతుంది. ఈ వంటకానికి శరదృతువును మించిన కాలం లేదని నేను నమ్మడానికి కారణం ఇదే. నొక్కితే గట్టిగా, కొరికితే ఫెళ్లున విరిగేలా ఉన్న పండును ఎంచుకోండి. మెత్తబడినవి తప్ప దొరకకపోతే, ముక్కలను మూతపెట్టిన గిన్నెలో చాలా సన్నని మంట మీద, మరగనివ్వకుండా, సుమారు 60 నుంచి 70 డిగ్రీల మధ్య 15, 20 నిమిషాలు వెచ్చబెట్టండి. ఆ వేడిలో పండులోని ఒక ఎంజైము పనిచేసి, అందులోని కాల్షియం సాయంతో పెక్టిన్‌ను గట్టిపరుస్తుంది, తరువాత ఎక్కువ వేడి తగిలినా ముక్క అంత తొందరగా చెదరదు. ముందే ఉడికిస్తే ఇంకా మెత్తబడుతుందని అనిపించడం సహజమే గానీ, నా వంటింట్లో ఇది చాలాసార్లు ఫలించింది.

ప్రశ్న: పిండి పొర గట్టిగా, సాగుడుగా వస్తోంది, కాలేటప్పుడు అంచుల నుంచి కిందికి జారుతోంది.

జవాబు: పిండిని ఎక్కువగా పిసుకుతున్నారని తోస్తోంది. 300 గ్రాముల మైదాకు 200 గ్రాముల వెన్న, సుమారు 100 మిల్లీలీటర్ల మంచుచల్లని నీరు చాలు. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన వెన్నను బఠాణీ గింజంత తునకలు మిగిలేలా మైదాలో కలిపి, ముద్ద అయ్యేందుకు ఎంత కావాలో అంతే నీరు చిలకరించండి. ఆ తునకల్లోని నీరు ఓవెన్‌లో ఆవిరై పొరలను విడదీస్తుంది, వెన్న ముందే కరిగిపోతే పొరలు రావు. ముద్దను కప్పి గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచి, 3 మిల్లీమీటర్ల మందాన ఒత్తండి. పాత్రలో పరిచేటప్పుడు లాగకండి, లాగిన పిండే వేడికి ముడుచుకుని కిందికి జారుతుంది.

ప్రశ్న: పంచదార తగ్గించవచ్చా? గుడ్డు లేకుండా చేయవచ్చా?

జవాబు: గుడ్డు ఇందులో అవసరమే లేదు, మీది పొర మెరుపు కోసం పాలు రాస్తే సరిపోతుంది. పంచదార కూడా తగ్గించవచ్చు. ఇంగ్లండ్ రాజు రెండవ రిచర్డ్ కాలంలో, 14వ శతాబ్దం చివర, కూర్చిన ఒక వంటల సంకలనంలోని యాపిల్ టార్ట్ విధానంలో పంచదార ప్రస్తావనే లేదు. యాపిల్‌తో పాటు అత్తిపండ్లు, ఎండుద్రాక్ష, పియర్ పండ్లు, సుగంధద్రవ్యాలు చేర్చి కుంకుమపువ్వుతో రంగు తెమ్మని అందులో ఉంది, తీపి అంతా పండ్లదే. మీరు కూడా తీపి రకాన్ని ఎక్కువగా తీసుకుని, గుప్పెడు ఎండుద్రాక్ష కలిపి, పంచదారను 50 గ్రాములకు తగ్గించి చూడండి. పంచదార తగ్గితే ఊరే రసమూ తగ్గుతుంది, ఆ నీరు ముక్కల్లోనే ఉండిపోతుంది. అందువల్ల ముక్కలను పైన చెప్పినట్టు ముందుగా వెచ్చబెట్టి, దిగిన రసాన్ని మరిగించి చేర్చడం మరువకండి.

ప్రశ్న: వేడివేడిగా కోయాలని పిల్లలు తొందరపెడతారు. ఎంతసేపు ఆగాలి?

జవాబు: కనీసం మూడు గంటలు. కార్న్‌ఫ్లోరూ పండు పెక్టినూ చల్లారే కొద్దీ బిగుస్తాయి, వేడి మీద కోస్తే మీరు అంత శ్రద్ధగా మరిగించి చేర్చిన పాకం కూడా పళ్లెంలోకి జారిపోతుంది. జాలీ మీద ఉంచి చల్లార్చితే అడుగున ఆవిరి పట్టదు. పిల్లలకు వెచ్చగానే కావాలంటే, పూర్తిగా చల్లారాక కోసి, ఒక్కొక్క ముక్కనూ 170 డిగ్రీల ఓవెన్‌లో 10 నిమిషాలు మళ్లీ వేడి చేసి పెట్టండి. ఇందుకు మైక్రోవేవ్ వాడితే పొర మెత్తబడిపోతుంది.