అడ్వాన్స్ ఇచ్చే ముందు చెక్కను చూడు

చిరంజీవి అమ్మాయికి,

మావయ్య ఆశీస్సులు. కొత్త ఫ్లాట్‌కి డైనింగ్ టేబుల్, మంచం చేయిస్తున్నామని, ఏ చెక్క మంచిదో చెప్పమని అడిగావు. టేకు అని ఒక్క మాటలో చెప్పేయొచ్చు. కానీ తల్లీ, చెక్క పేరు తర్వాత. అది ఎంత ఆరిందో ముందు అడగాలి.

మీ అమ్మ పెళ్లికి నేను చేసిన టేబుల్ సంగతి నీకు తెలియదు. ముహూర్తం దగ్గరపడిందని, వానాకాలంలో కోత మిల్లు నుంచి అప్పుడే వచ్చిన టేకు పలకలతో చేసేశాను. కదలకూడదని పైపలకను చుట్టూ స్క్రూలతో గట్టిగా బిగించాను కూడా. రాజమండ్రిలో ఉన్నన్నాళ్లూ బాగానే ఉంది. మీ నాన్నకి హైదరాబాద్ బదిలీ అయ్యాక, అక్కడి పొడిగాలికి మొదటి ఎండాకాలంలోనే ఈ కొస నుంచి ఆ కొసకి చీలింది. ఆ చీలికలో రూపాయి బిళ్ల నిలువునా దూరేది. చెక్క మేలైనదే, తొందరపడింది నేను. ఆరేకొద్దీ చెక్క పొడవు దాదాపు తగ్గదు, అడ్డంగా కుంచించుకుంటుంది. ఆ దారి లేకుండా బిగిస్తే పగలక ఏం చేస్తుంది? మీ అమ్మ ఒక్క మాట అనలేదు. దాని మీద గుడ్డ పరిచి ఇరవై ఏళ్లు వాడింది. తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అందుకే తేమ కొలిచే మీటరున్న కలప అడితికి వెళ్లు. ఒక్కో పలక మీద మూడు నాలుగు చోట్ల పెట్టించు. 12 శాతం దాటితే వద్దను. ఏసీ గదిలో వేసే మంచానికైతే 10 దాకా దిగాలి. మీటరు లేకపోతే ఒకే కొలత పలకలు రెండు ఎత్తి చూడు. బాగా బరువున్నదాన్ని అనుమానించు.

పలక ముఖం చూసి మోసపోకు, కొస కోత చూడు. ముఖానికి రంగు పూస్తారు, కొసకి పూయడం మర్చిపోతారు. లోపలి చేవ బంగారు గోధుమ రంగులో ఉంటుంది, బయటి తెల్లభాగం చెదకీ పురుగుకీ తిండి. ఒక మూల చిత్రిక పట్టించి వాసన చూడు. టేకైతే తోలు వాసన వస్తుంది, వేలికి కాస్త జిడ్డుగా తగులుతుంది. విదేశీ టేకు పేరుతో అమ్మేవాటిలో తోటల్లో తొందరగా పెరిగిన లేత చెక్కా ఉంటుంది, అసలు టేకే కానివీ ఉంటాయి. పేరు నమ్మకు.

మిగతా చెక్కల్లో ఏగిస గట్టిదే, కానీ తడి తగిలితే పసుపు రంగు దిగుతుంది, భోజనాల బల్లకి వద్దు. వేపకి పురుగు అంతగా పట్టదు కానీ చెక్క పోగు అల్లుకుని ఉంటుంది, చిత్రికకి ఎదురు తిరుగుతుంది. అల్మరా లోపలి అరలకి చాలు. మామిడి చవకే గానీ మందు పట్టించకపోతే పుచ్చుతుంది. వార్డ్‌రోబ్ డబ్బాకి ప్లైవుడ్ వేయించు, తడి తగిలేచోట ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్డే తీసుకో.

లెక్క నువ్వే వేసుకో. పొడవు అడుగుల్లో, వెడల్పూ మందమూ అంగుళాల్లో గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. 6 అడుగుల పొడవు, 36 అంగుళాల వెడల్పున్న పైపలకకి అంగుళంపావు మందం కోత అయితే రెండు ఘనపుటడుగులకి కాస్త తక్కువ. చిత్రిక పట్టాక అంగుళం మిగులుతుంది. బిగించేటప్పుడు స్క్రూ బెజ్జాలు గుండ్రంగా కాక, పలక వెడల్పు వైపుకి సాగినట్టు పెట్టమను, చెక్క కదలాలి కదా.

ఇంకో మాట. మన పాత ఇల్లు పడగొట్టినప్పుడు తీసిన టేకు దూలాలు రెండు చావిట్లో ఉన్నాయి. అరవై ఏళ్లు కప్పు మోసినవి. మేకులన్నీ పీకించి, నిన్న ఒక కొస అంగుళం కోయించి చూశాను. ఎక్కడా చెద మట్టి లేదు, కోసిన చోట ఇంకా ఆ వాసనే వచ్చింది. నీ టేబుల్ పైపలకకి సరిపోతాయి, కాళ్లకి మాత్రం కొనాలి. కోయించి పంపితే నెలరోజులు మీ ఇంట్లోనే, మధ్యమధ్య పుల్లలు పెట్టి పేర్చి ఉంచండి. ఆ తర్వాతే వడ్రంగిని పిలవండి. అల్లుడుగారితో మాట్లాడి ఫోన్ చెయ్యి. అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకు.

మీ మావయ్య