మోకాళ్ల కోసం ఇంటిని దించకు చిన్నా

చిన్నా,

పోరంకి స్థలంలో ఇల్లు మొదలుపెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పగానే సంతోషంతో నోట మాట రాలేదు. ఇంటి బేస్‌మెంటు నేల నుంచి ఎంత ఎత్తే అని అడిగితే, "నా మోకాళ్ల కోసం అడుగున్నర చాలన్నాడు వాడు" అంది. అప్పట్నుంచి గుండె దడ తగ్గలేదు.

మట్టి పరీక్ష చేయించు. నల్లరేగడైతే తడికి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది, పునాది దాన్నిబట్టి వెయ్యాలి. స్లాబు మీద మడులు కట్టి పది రోజులన్నా నీళ్లు నిలపండి. వాస్తు మీ మామగారు చూసుకుంటారు.

ఇక ఎత్తు సంగతి. బెజవాడ సింగ్‌నగర్లో మేం ఇల్లు కట్టేనాటికి మా మామగారికి పక్షవాతం, కాలు ఈడ్చేవారు. ఆయన కోసమే మీ పెదనాన్న మూడడుగులనుకున్న బేస్‌మెంటుని అడుగున్నరకి దించారు. మూడే మెట్లు. సాయంత్రమయ్యేసరికి ఆయన ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగి వీధిలో కుర్చీ వేసుకునేవారు. ఆ సంతోషం ముందు వేరే ఆలోచన ఎవరికొస్తుంది? తర్వాత సిమెంటు రోడ్డొచ్చింది. పాతది తవ్వకుండా దానిమీదే పోశారు. కొన్నేళ్లకి దాని మీద ఇంకోటి. ఇప్పుడు మా గేటు దగ్గర్నుంచి ఇంట్లోకి దిగాలి.

గట్టి వాన పడితే కాలవ పొంగి నీళ్లు తిన్నగా వాకిట్లోకొస్తాయి. సెప్టిక్ ట్యాంకు నిండి బాత్రూంలో నీళ్లు కదలవు. గుమ్మానికి అడ్డంగా ఇటుకల గట్టు కట్టించాం, రాత్రిపూట అది కాళ్లకి తగులుతుంది. స్విచ్ బోర్డులు నడుమెత్తుకి లేపించాం. ఫ్రిజ్ దిమ్మ మీద, బియ్యం మంచం మీద, బీరువా కింది అర ఎప్పుడూ ఖాళీ. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరద వచ్చినప్పుడు మూడడుగులున్నా ఆగేది కాదు, అది వేరు. నా భయం ఏటేటా వచ్చే మామూలు వానకే. జాకీలతో ఇల్లు లేపేవాళ్లని పిలిపించాం. వాళ్లు చెప్పిన ఖర్చు విని మీ పెదనాన్న లోపలికెళ్లి పడుకున్నారు. ఆయన్ని ఎవరైనా ఒక్క మాటంటే నేనూరుకోను. తండ్రి కోసం చేశారు.

నువ్వూ అమ్మ కోసమే చేస్తున్నావు, నాకు తెలుసురా. కానీ దానికి వేరే దారి ఉంది. నిబంధనల్లో 45 సెంటీమీటర్లు, అంటే నువ్వనుకున్న అడుగున్నరే ఉన్నా, అది కనీసం మాత్రమే. నువ్వు మూడడుగులు పెట్టు. అదీ స్థలం మట్టం నుంచి కాదు, రోడ్డు మధ్య నుంచి కొలిపించు. మెట్టు ఆరంగుళాలు దాటకుండా రెండు వైపులా రెయిలింగు పెట్టించు. ర్యాంపు అడుగెత్తుకి పన్నెండడుగుల పొడవుండాలి, అంటే మూడడుగులకి ముప్పై ఆరు. ముందు వైపు చాలదు, పక్క సందులోంచి తిప్పు. అమ్మ గది, బాత్రూం కిందే ఉండాలి, మధ్యలో గడప వద్దు.

డబ్బు చాలకపోతే పైగది ఆపు, ఎలివేషన్ ఆపు, ఫాల్స్ సీలింగ్ అసలే వద్దు. అవన్నీ తర్వాతైనా చేసుకోవచ్చు. మెరక మాత్రం ఇప్పుడే తోలించాలి. అప్పు మీద అప్పు చేసి, తిండి మానేసి సైట్లో నిలబడ్డావని తెలిస్తే మాత్రం వచ్చి చెవి మెలేస్తాను. క్యారియరు నేను పంపిస్తా.

మేస్త్రి ఎత్తు దగ్గర మొండికేస్తే నాకు ఫోన్ కలుపు, నేను మాట్లాడతాను. శంకుస్థాపన ముహూర్తం ఖాయం కాగానే చెప్పు, పెదనాన్నని తీసుకొస్తాను.

మీ పెద్దమ్మ