లుకేమియా ఉన్న పిల్లవాణ్ణి ఎంతవరకు గారం చేయొచ్చు?

ప్రశ్న: కందుకూరులో మా అక్క కొడుక్కి ఏడేళ్లు. లుకేమియాకు, అంటే రక్త క్యాన్సర్‌కు చికిత్స నడుస్తోంది. అక్క వాణ్ణి గడప దాటనివ్వదు, ఏం చేసినా ఒక్క మాట అనదు. మంచిదేనా?

జవాబు: మీ అక్క భయం నాకు తెలుసు, మా పాపకూ ఇదే జబ్బు. పిల్లల్లో ఎక్కువగా కనిపించే ఏఎల్ఎల్ (అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా) రకానికి చికిత్స రెండు మూడేళ్లు సాగుతుంది. అన్నాళ్లూ వాడు రోగిగానే పెరగకూడదు కదా.

తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయిన రోజుల్లో జనంలోకి పంపకపోవడం సరే. రక్తకణాల కౌంట్ బాగుండి, డాక్టరు సరేనన్నాక కూడా ఆపితే అది మన టెన్షన్ కోసమే. జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే మాత్రం అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే, ఇంట్లో మాత్ర వేసి తెల్లారేదాకా చూడొద్దు.

వాడికి ఎలా ఉందో మనం ఊహించడం వేరు, వాడు చెప్పడం వేరు. పిల్లల జీవన నాణ్యతను కొలిచే పెడ్స్‌క్యూఎల్ ప్రశ్నావళిలో అయిదేళ్లు నిండిన పిల్లలకు ఒక కాగితం, తల్లిదండ్రులకు వేరే కాగితం ఉంటాయి. ఒళ్లు, మనసు, స్నేహాలు, బడి గురించి 23 ప్రశ్నలు. రెండు కాగితాల జవాబులూ తరచూ కలవవు. చెన్నైలో డాక్టరు "ఎలా ఉన్నావమ్మా?" అని పాపను అడిగితే "నీరసంగా ఉంది సార్" అని నేనే చెప్పేదాన్ని. ఒకరోజు అది నా కొంగు లాగి, "పక్కింటి పిల్ల నాతో ఆడట్లేదు, అది చెప్పు" అంది.

ఇక గారం సంగతి. స్టెరాయిడ్ వాడే రోజుల్లో విపరీతమైన ఆకలి, చిరాకు మందు వల్లే వస్తాయి, అప్పుడు కాస్త వదిలేయండి. మిగతా రోజుల్లో చెల్లెల్ని కొడితే, ఇంట్లో మిగతా పిల్లలకున్న రూలే వాడికీ.